మా ఇంట్లో రెండు బోడితలలు

కొబ్బరికాయకు కళ్ళుంటాయనీ, అది మనిషి నెత్తిన పడదనీ మా కోనసీమలో పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా అందరికీ నమ్మకం. నేనూ నమ్మాను. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మా తోటలో దింపు తీస్తున్నారు. చెట్టెక్కి కాయలు కోసి కింద పడెయ్యడాన్ని మేం దింపు అంటాం. కలశం మీదికి మంచి కాయ ఏరుకుందామని, తలెత్తి చూడనైనా చూడకుండా చెట్ల కిందికి వెళ్ళాను. కాయే నన్ను ఏరుకుంది. కళ్ళున్న కాయ ఇలా ఎందుకు చేసిందని తర్వాత ఊరంతా తర్జనభర్జన పడింది. పోయిన జన్మలో నేనేదో పాపం చేసి ఉంటానని కొందరన్నారు. ఆ కాయ గుడ్డిదని నేను వాదించాను. ఇప్పటికీ నా వాదన అదే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మొన్న పక్క ఊరి నుంచి ఒకావిడ మనిషిని పంపించింది. వాళ్ళ చెల్లెలికి తలలో పుండు లేచిందట, రాజమండ్రి ఆసుపత్రిలో కత్తి వెయ్యాలన్నారట. "జుట్టంతా తీసేస్తారట గదా, మీకూ తీసేశారా? మళ్ళీ వచ్చిందా?" అని అడిగించింది. ప్రాణం గురించి అడగలేదు, జుట్టు గురించే అడిగింది. వింటే నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నేనూ మొదట అడిగింది అదే. మనిషి చేత చెప్పి పంపే సంగతి కాదని కాగితం తీసుకున్నాను. రాస్తుంటే నా చెయ్యి కూడా కాస్త కుదుటపడుతోంది.

శ్రావణం

కాయ పడ్డాక ఎంతసేపు ఒళ్ళు తెలియలేదో నాకు గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ మనుషులు, నా నెత్తిన తడిగుడ్డ. ఎడమ చెవికి పైన బొప్పి కట్టింది. వైద్యుడు ఏదో ఆకు నూరి పట్టు వేశాడు. మర్నాడు వ్రతానికి కూర్చుని, కలశం మీది కాయను చూసి "ఏమే, ఇంకా కోపం తగ్గలేదా?" అని అడిగితే ముత్తైదువలంతా పకపకా నవ్వారు. గండం గడిచిందనే అనుకున్నాం.

నాలుగో రోజున కుడిచేతిలోంచి గరిటె జారింది. మా అత్తగారు పరాకని తిట్టారు. మర్నాడు చెంబు జారింది. వారం తిరిగేసరికి ఆ చెయ్యి దానంతట అదే ఎగిరెగిరి పడడం, తర్వాత చచ్చినట్టు పడి ఉండడం మొదలైంది. మాట కూడా ముద్దగా వచ్చేది. గాలి సోకిందని ఒకరు, వేపమండలు తెమ్మని ఒకరు. నేనే అందరికీ ధైర్యం చెప్పేదాన్ని. కూర్చున్నప్పుడల్లా ఎడమచేత్తో కుడిచేతిని తీసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు.

మా వారు ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో గుమాస్తా. కబురందుకుని వచ్చి, నా చెయ్యి ఎగరడం కళ్ళారా చూసి, "రేపే రాజమండ్రి తీసుకెళ్తాను" అన్నారు. ఇంటిపెద్ద మా పెదమామగారు, అంటే మా మామగారి అన్నగారు. ఆసుపత్రిలో మడీ మైలా ఏముంటుందని ఆయన చాలాసేపు గొణిగి, చివరికి వంటకీ మడికీ మా అత్తగారు తోడు వెళ్తేనే పంపుతానన్నారు.

మా అత్తగారి సంగతి ఇక్కడే చెప్పాలి. మావారు ఒళ్ళో బిడ్డగా ఉండగా, ఆవిడ పందొమ్మిదో ఏట భర్త పోయాడు. మా ఇళ్ళలో ఆచారం ప్రకారం అప్పుడే జుట్టు తీయించారు. పాతికేళ్ళుగా తెల్లబట్టా, నెత్తిన ముసుగూ. తెల్లారి ఎవరికీ ఎదురు రాకూడదని పొద్దున్నే వీధిగడపలోకి రారు. ఇంట్లో ఎవరైనా ప్రయాణం కట్టారంటే చాలు, పెరటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడతారు. ఆవిడ నోటికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాలేదు. కాపురానికి వచ్చిన అయిదేళ్ళలో నన్ను తిట్టని రోజు లేదు, నాకు పెట్టకుండా తాను తిన్న రోజూ లేదు.

భాద్రపదం

బొబ్బర్లంక దాకా కాలువ పడవ, అక్కడ గోదావరి దాటి ధవళేశ్వరం, ఆపైన ఎడ్లబండి. గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి. బండిలోంచి వాటిని చూపించి మావారు ఏవేవో లెక్కలు చెబుతున్నారు. ఆయనకి భయమేస్తే లెక్కలు చెబుతారు. ఆ రోజు వంతెన గురించి దొరలకి కూడా తెలియనన్ని లెక్కలు నాకు చెప్పారు.

అది మిషను ఆసుపత్రి. వరండాలో చాపల మీద జనం. మా పక్కన అరచేతిలో గాలం దిగిన జాలరి ఒకడు కూర్చున్నాడు. నన్ను ఏమైందని అడిగాడు. చెప్పాను. "చేప నన్ను పట్టిందండి, కాయ తమర్ని కొట్టిందండి, కలికాలం!" అన్నాడు. అంత నొప్పిలోనూ అతను నవ్వితే నేనూ నవ్వాను. మా అత్తగారు మా ఇద్దర్నీ కలిపి తిట్టారు. పొద్దున వచ్చినవాళ్ళం ఎండ వరండా దాటేదాకా అలాగే కూర్చున్నాం.

డాక్టరమ్మ దొరసాని. తెలుగు ఎవరో పంతులుగారి దగ్గర పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నట్టున్నారు. నా తల తడిమి, చెయ్యి వంచి చూసి, "అమ్మా, నీ కపాలపుటెముక లోనికి నొక్కుకొనిపోయినది. దానిని పైకెత్తవలెను. అంతకు పూర్వము నీ కేశములన్నియు తీసివేయవలెను" అన్నారు. పురాణం చెబుతున్నట్టుగా ఉంది. ఎముక సంగతి నాకు ఎక్కలేదు. "అన్నీనా?" అని మాత్రం అడిగాను.

అన్నీనట. మావారు గోడకి ఆనుకుని నిలబడిపోయారు. మా అత్తగారు ముసుగు ముందుకి లాక్కుని, "వీల్లేదు" అన్నారు.

ఆ సాయంత్రం సత్రం అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. "అది చస్తే జుట్టేం చేసుకుంటామమ్మా?" అని మావారు కొంచెం గట్టిగానే అన్నారు. "మొగుడు బతికుండగా తల గొరిగించుకుంటే ఎవరికి కీడురా? నీకు! నా చేతులారా మొగుణ్ణి కాటికి పంపించాను. నిన్ను కూడా పంపమంటావా?" అని ఆవిడ ఏడ్చారు. అయిదేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. డాక్టరమ్మ మర్నాటి దాకానే గడువిచ్చారు. నా మాట అప్పటికే సగం తడబడుతోంది.

నేను ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాలుక మడతపడుతున్నా ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాను. "అత్తయ్యగారూ, జుట్టుతో చచ్చిపోతే పుణ్యస్త్రీ చావని అందరూ మెచ్చుకుంటారండి. కానీ రేపట్నుంచి మీరు తిట్టడానికి మనిషి ఉండదు. గోడల్ని తిట్టుకోవాల్సిందే. ఆలోచించుకోండి."

ఆవిడ ఏడుస్తూనే నవ్వారు. నవ్వినందుకు నన్ను తిట్టారు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. చివరికి, "మంగలిచెయ్యి మాత్రం నీ తల మీద పడకూడదు. నాకు తెలుసు అదెలా ఉంటుందో. నేనే తీస్తాను" అన్నారు.

అలాగే చేశారు. మర్నాడు పొద్దున ఆసుపత్రి వెనక గదిలో నన్ను పీట మీద కూర్చోబెట్టి, ముందు తలంటుకి తీసినట్టుగా చిక్కు తీశారు. జడ వేశారు. పూలు కూడా తెప్పించి పెట్టారు. కాసేపు అలా చూసి, కత్తెర తీసుకున్నారు. మిగిలిన పని కత్తితో చేసింది ఎస్తేరు అనే నర్సు. మాలపల్లెలో పుట్టి, మిషను బళ్ళో చదువుకున్న పిల్ల. ఆమె నన్ను తాకితే మా అత్తగారు ఉలిక్కిపడతారనుకున్నాను కానీ, నీళ్ళగిన్నె ఆవిడే పట్టుకుని నిలబడ్డారు. పనంతా అయ్యాక నా నుదుట ఇంత పెద్ద కుంకుమబొట్టు పెట్టి, "అద్దం అడక్కు" అన్నారు.

"ఎందుకండీ, మిమ్మల్ని చూస్తే సరిపోదూ?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ నా బుగ్గ మీద చిన్న దెబ్బ వేసి బయటికి వెళ్ళిపోయారు.

మత్తుమందు తియ్యగా, వెగటుగా వాసన వేసింది. పది దాకా లెక్కపెట్టమన్నారు. నేను అంకెలు మానేసి, మా అత్తగారు నన్ను తిట్టే తిట్లు వరుసగా అప్పజెప్పానట. తలుపు అవతల ఆవిడకి అన్నీ వినిపించాయట. అయిదు రోజుల తర్వాత డాక్టరమ్మ కట్టు మారుస్తూ, చాలా మర్యాదగా, "అమ్మా, 'దిక్కుమాలినదానా' యనగా నేమి?" అని అడిగారు. మా అత్తగారు గోడకేసి తిరిగిపోయారు. "అది ముద్దుపేరండి" అని చెప్పాను. డాక్టరమ్మ నమ్మినట్టే కనిపించారు.

ఆశ్వయుజం

కత్తి వేసినప్పటికన్నా తర్వాతి రోజులే కష్టం. తలలో రోలు తిరుగుతున్నట్టుండేది. వెలుతురు చూస్తే వాంతి. జ్వరం వచ్చిన రెండు రోజులూ డాక్టరమ్మ ముఖంలో నవ్వు లేదు. మావారు సెలవు దొరక్క ధవళేశ్వరం నుంచి రోజూ నడిచి వచ్చి, మంచం పక్కన కూర్చుని వంతెన ఎంత ఎత్తు లేచిందో చెప్పి వెళ్ళేవారు. నేను పోతానని ఆ రెండు రోజులూ నమ్మాను. ఆయనతో అనలేదు.

మా అత్తగారు సత్రంలో మడితో వండి, నాలుగు వీధులు నడిచి తెచ్చేవారు. ఆవిడ తినేది ఒంటిపూట. ఆ ఒంటిపూటా నాకు తినిపించాకే. ఒక మధ్యాహ్నం ఆవిడ గోదావరికి స్నానానికి వెళ్ళినప్పుడు నాకు విపరీతమైన దాహం వేసింది. కూజా ఖాళీ. ఎస్తేరు నా పెదాలు చూసింది, కూజా చూసింది. తన చేతినీళ్ళు మేం తాగమని ఆమెకి తెలుసు. ఎండలో బయటికి వెళ్ళి, ఒక కొబ్బరిబొండాం తెచ్చింది. చెట్టు మీది కాయకి ఎవరి అంటూ ఉండదు కదా!

"ఇదైతే తాగొచ్చు గదండీ అమ్మగారూ?" అంది.

"తాగుతాను గానీ, దీనికి కళ్ళు సరిగ్గా ఉన్నాయేమో చూడు" అన్నాను. ఎస్తేరు బొండాం తిప్పి చూసి, "బాగానే చూస్తుందండి" అంది. తల పైకెత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా పోసింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మర్నాడు మళ్ళీ దాహమైతే, ఆమె మళ్ళీ ఎండలోకి వెళ్ళబోతుంటే ఆపి, ఆమె కుండలో నీళ్ళే అడిగి తాగాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాశాను కాబట్టి అందరికీ తెలిసినట్టే.

చెయ్యి మాత్రం కదల్లేదు. ఎముక ఎత్తారు, ప్రాణం నిలిచింది, చెయ్యి సంగతి దేవుడికే తెలియాలన్నారు. డాక్టరమ్మ గుడ్డ బంతి ఒకటి ఇచ్చి పిసకమన్నారు. మా అత్తగారు దాన్ని పక్కన పడేసి, పత్తి తెచ్చి ఒళ్ళో పెట్టారు. "ఉత్తినే బంతి పిసికితే ఏమొస్తుందే? వత్తులు చెయ్యి. దేవుడికి దీపమైనా వెలుగుతుంది" అన్నారు. వత్తి చెయ్యాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. కలిసేవి కావు. ఆవిడ వెనక కూర్చుని నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పేవారు. పది రోజులకి నా అంతట నేను మొదటి వత్తి చేశాను. తొండలా ఉంది. "ఇది వెలిగిస్తే పారిపోతుందేమో!" అన్నాను. ఆవిడ దాన్ని తిట్టలేదు. చెంగున ముడేసుకున్నారు.

కార్తీకం

ఇంటికి వచ్చాం. పడవలో ఒకావిడ నన్ను చూసి, "ఇంత చిన్నవయసులోనే, పాపం" అంటూ దగ్గరికి వచ్చి, నా మెట్టెలూ బొట్టూ చూసి నోరు తెరుచుకుని నిలబడింది. "నాది కాయ కొట్టిన తలండి, దేవుడు కొట్టింది కాదు" అని చెప్పాను.

పెదమామగారు మాత్రం హాస్యానికి లొంగే మనిషి కాదు. జుట్టు పెరిగేదాకా నేను వెనకగదిలోంచి బయటికి రాకూడదన్నారు. మావారు అక్కడ లేరు. మా అత్తగారు తలవంచుకుని విన్నారు. బావగారి ఎదుట ఆవిడ ఎన్నడూ నోరెత్తలేదు. ఆ గది ఆవిడదే. పక్కపక్కన చాపలు వేసుకుని పడుకున్నప్పుడు నాకు మొదటిసారి నిజమైన భయం వేసింది. చావు భయం కాదు. నేనిక్కడ ఆరునెలలుంటాను, ఈవిడ ఎంతకాలంగా ఉంటున్నారు అన్న లెక్క భయపెట్టింది. ఎవరేమన్నా సరే ఈ గదిలో ఉండనని అనుకున్నాను.

మూడోనాడు పొద్దున్నే లేచి స్నానం చేసి, పసుపు రాసుకుని, పచ్చచీర కట్టుకుని, తలకి ముసుగు లేకుండా వీధిగుమ్మంలో ముగ్గు వెయ్యడానికి కూర్చున్నాను. ఎడమచేతికి ముగ్గు రాదు, కుడిచెయ్యి వణుకుతుంది. గీత కాలువలా పోతోంది. అదే పొద్దున పెదమామగారు అమలాపురం ప్రయాణం. ఆయన కళ్ళకి పొరలు. కర్ర పట్టుకుని గడప దాటి, ఎదురుగా నా బోడితల మాత్రం చూశారు. "హరి హరీ!" అంటూ వెనక్కి తిరిగారు. ఆచారం ప్రకారం కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరారు. ఈసారి నేను పక్కసందులో ముగ్గుచిప్పతో ఎదురయ్యాను. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. మూడోసారి నూతి దగ్గర. ఈలోగా కాలువలో పడవ వెళ్ళిపోయింది.

ఆయన నడవలో నిలబడి కేకలు మొదలుపెట్టారు. "ముప్పయ్యేళ్ళొస్తున్నాయి ఈ ఇంటికొచ్చి! ప్రయాణమని తెలిసీ ఎదురొస్తావేంటి? అదీ మూడుసార్లు!"

ఎదురొచ్చింది మా అత్తగారేననుకుని ఆయన కేకలేస్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్తగారు యథాప్రకారం పెరటి తలుపు వెనకే ఉన్నారు. నేను "నేనేనండీ" అనడానికి నోరు తెరిచేలోపే, తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. గట్టిగానే ఉంది.

"నేను కాదండి బావగారూ, మన కోడలు. పసుపూ కుంకుమతో ముత్తైదువ మూడుసార్లు ఎదురొస్తే మీరే మూడుసార్లూ వెనక్కి తిరిగారు. అపశకునమేదో మీరే చూసుకోండి."

 పెదమామగారు నా వైపు వచ్చి, కళ్ళు చికిలించి, నా నుదుటి బొట్టును పరీక్షగా చూశారు. ఆయన మీసం కొంచెం కదిలింది. "ఆ బొట్టేదో ఇంకాస్త పెద్దది పెట్టుకుని ఏడవ్వచ్చు గదా!" అని, మర్నాటి పడవకి ఏర్పాటు చెయ్యమని లోపలికి వెళ్ళిపోయారు. వెనకగది మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మా అత్తగారు మాత్రం తలుపు వెనక కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకు నవ్వారు.

మాఘం

ఇప్పుడు నా చెయ్యి నూటికి తొంభై పాళ్ళు నాదే. చలిరోజుల్లో మొద్దుబారుతుంది. మచ్చ దగ్గర వేలు పెడితే గుంట తగులుతుంది. జుట్టు రెండు వేళ్ళ పొడవొచ్చింది. మావారు దాన్ని చూసి కొలతలు చెబుతున్నారు.

నిన్న పొద్దున మా అత్తగారి కోసం మంగలి వచ్చాడు. పక్షానికోసారి వస్తాడు. గొడ్లసావిడి అవతల పీట వేసుకుని ఆవిడ కూర్చుంటారు. ఆ వేళకి ఇంట్లో ఎవరూ అటు చూడరు. అయిదేళ్ళలో నేనూ చూడలేదు. నిన్న వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నీకిక్కడేం పనే? లోపలికి పో."

"నాకు తీసినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ" అన్నాను.

 మంగలి రాయి మీద నీళ్ళు చల్లి కత్తి నూరుతున్నాడు. ఆవిడ ముసుగు తీశారు. పక్షం రోజుల వెంట్రుకలు, సగం తెలుపు, సగం నలుపు. నావైపు చూడకుండా, చాలా మెల్లిగా అడిగారు.

"మళ్ళీ పెరుగుతుంటే ఎలాగుంటుందే?"

ఆసుపత్రిలో అందరికీ, పడవలో అందరికీ జవాబు చెప్పినదాన్ని. దీనికి నా దగ్గర వేళాకోళం లేదు. "ముందు దురదండి," అన్నాను. "తర్వాత తలగడకి గుచ్చుకుంటుంది. తర్వాత ఒకరోజు గాలి వేస్తే కదులుతుంది."

"కదులుతుందా?"

నేను దగ్గరికి జరిగి ఆవిడ ఒళ్ళో తల పెట్టాను. ఆవిడ చెయ్యి వచ్చింది. మచ్చ చుట్టూ తిరిగి, చెవి వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడినెత్తికి వచ్చింది. వేలితో అక్కడ సన్నగా ఒక గీత గీసి చూసుకున్నారు.

"ఇంకో నెలకి పాపిట తియ్యొచ్చు" అన్నారు.

"అమ్మగారూ, నీళ్ళు చల్లారిపోతున్నాయండి" అన్నాడు మంగలి.

"ఉండవయ్యా" అన్నారు మా అత్తగారు. నా తల మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.